ఆరేళ్లుగా నా గిటార్‌లో సేమూర్ డంకన్ ఆల్నికో 2 ప్రో

ఆదివారం చర్చిలో ఆరాధన, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రా. రెండింటికీ నాకున్నది లెస్ పాల్ ఆకారంలో ఉండే మామూలు గిటార్ ఒక్కటే. దాని నెక్ వైపు ఈ హంబకర్ (తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పికప్‌లలో ఒక రకం, గుయ్‌మనే హమ్‌ను తగ్గించడానికి ఇందులో రెండు కాయిల్స్ ఉంటాయి) వేయించి ఆరేళ్లయింది. ఇప్పటికీ ఇంకో పికప్ మీదికి మనసు పోలేదు.

గాయని మెల్లగా పాడేటప్పుడు నా కార్డ్స్ ఆమె గొంతుకు అడ్డం పడకూడదు, బిట్ వచ్చినప్పుడు మాత్రం తీగ పాడాలి. ఇదే నాకు కావలసింది. అంతకుముందున్న సిరామిక్ పికప్‌లో పై రెండు తీగలూ చెవిలో గుచ్చుకునేవి. ఆల్నికో 2 అంత బలమైన అయస్కాంతం కాదు. చుట్టిన తీగ కూడా ఎక్కువేం కాదు, నిరోధం ఏడున్నర కిలో ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. 1955లో గిబ్సన్‌లో సేత్ లవర్ రూపొందించిన హంబకర్ బాటే ఇది. వాల్యూమ్ 6 దగ్గర పెట్టి వేళ్లతో మీటితే తేటగా, గుండ్రంగా పలుకుతుంది. 10కి తిప్పి మూడో తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర బెండ్ చేస్తే ఆ స్వరం సన్నగా గరగరలాడుతూ చాలాసేపు నిలుస్తుంది. పెడల్ ముట్టుకోనక్కర్లేదు.

వేయించిన రోజు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. స్విచ్ మధ్యలో పెట్టి రెండు పికప్‌లూ కలిపితే శబ్దం డొల్లగా, ఫోన్‌లోంచి వస్తున్నట్టు ఉంది. షాపులో అడిగితే "కొత్తది కదన్నా, వాడగా వాడగా సెట్టవుద్ది" అన్నారు. ఫేజ్ ఎదురైతే, అంటే ఒక పికప్ సిగ్నల్ ఇంకోదాన్ని కొట్టేస్తుంటే, ఎన్నేళ్లు వాడినా సెట్ అవదు! ఇంటికొచ్చి వెనక మూత విప్పాను. నలుపు, ఆకుపచ్చ వైర్లను తారుమారు చేశాను. తొడుగు లేని వైరును గ్రౌండ్‌కే ఉంచి, ఎరుపు తెలుపు కలిసిన జాయింట్‌ను కదపలేదు. ఆంప్ ఆన్ చేసి ఒక్క జీ కార్డ్ మీటగానే గదంతా నిండింది.

పుష్-పుల్ నాబ్ పైకి లాగి ఒకే కాయిల్ వాడితే గలగలమంటుంది, ఆర్పెజియోలకు బాగుంటుంది. కానీ పెళ్లి పందిట్లో సీరియల్ సెట్ల మధ్య హమ్ తిరిగొస్తుంది, అక్కడ లాగను.

పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే నిరోధకం) 500 కిలో ఓమ్‌లదో కాదో ముందే చూసుకోండి. 250 కిలో ఓమ్‌లదైతే ఈ వెచ్చదనం కాస్తా మూతేసినట్టు అయిపోతుంది. డిస్టార్షన్ బాగా పెంచి మెటల్ వాయించేవాళ్లకు దీన్ని చెప్పను, లావు తీగ వదులుగా మోగుతుంది. వాళ్లు ఆల్నికో 5 రకం చూసుకోవాలి.

బ్రిడ్జ్ వైపు ఇంకా పాతదే ఉంది. మాఘమాసం పెళ్లిళ్ల డబ్బులు చేతికి రాగానే అక్కడా ఇదే వేస్తాను. ఈసారి సోల్డరింగ్ నేనే చేసుకుంటా.