గాడి పైపుల కప్లింగ్‌లు: ఏళ్ల వాడకం తర్వాత నా అంచనా

పంపుల గదిలోనూ అగ్నిమాపక నీటి లైన్లలోనూ గ్రూవ్డ్ కప్లింగ్‌లను (గాడి తీసిన పైపు చివరలను కలిపి పట్టే బిగింపులను) ఏళ్ల తరబడి వాడిన మీదట చెబుతున్నాను: తరచూ విప్పి బిగించవలసిన చోట ఇంతకన్నా అనువైన జోడింపు నాకు కనబడలేదు, అయితే దాని మన్నిక కప్లింగ్ మీద కన్నా పైపు చివర తీసిన గాడి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

డక్టైల్ ఐరన్‌తో పోతపోసిన రెండు హౌసింగ్ (బయటి తొడుగు) ముక్కలు, లోపల రబ్బరు గాస్కెట్, సాధారణంగా రెండు బోల్టులు, ఇంతే సరంజామా. హౌసింగ్ అంచులు గాడుల్లో కూర్చుని పైపులు విడిపోకుండా పట్టుకుంటాయి. లోపల పీడనం పెరిగేకొద్దీ గాస్కెట్ పెదవులు పైపుకు మరింత అదుముకుంటాయి కనుక, లీకు కనబడగానే బోల్టులను ఇంకా బిగించడం వల్ల ప్రయోజనం ఉండదు. లైను ఆపి, పీడనం పూర్తిగా తీసేసి, నీటిని వదిలి, విప్పి చూడవలసిందే. గాస్కెట్ పరిస్థితి బయటికి కనబడకపోవడమే ఈ జోడింపులో నాకు నచ్చని విషయం.

విప్పి చూసినప్పుడు కారణం దాదాపు ఎప్పుడూ పైపు చివరే దొరుకుతుంది: చదును చేయని వెల్డు గీత, పెచ్చులుగా లేచిన రంగు, లోతు చాలని గాడి, లేదా లూబ్రికెంట్ పూయకుండా బిగించడంతో హౌసింగ్ మధ్య నలిగిన గాస్కెట్. రోల్ గ్రూవింగ్‌లో లోహం పోదు, లోపలికి నొక్కుకుంటుంది. కట్ గ్రూవింగ్‌లో లోహాన్ని చెక్కేస్తారు కనుక మందమైన గోడ ఉన్న పైపుకే అది తగును. ఏ పద్ధతైనా గాడి వ్యాసాన్ని పై (π) టేపుతో, అంటే చుట్టూ చుడితే నేరుగా వ్యాసం చూపే టేపుతో, కొలవనిదే కప్లింగ్ ఎక్కించడానికి నేను ఒప్పుకోను. నీటికి ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) గాస్కెట్ చక్కగా పనిచేస్తుంది కానీ, పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బి పాడవుతుంది. నూనె లైన్లకు నైట్రైల్ రబ్బరుది వేయాలి.

పంపుకు దగ్గరలో, పైపులను కొద్దిగా కదలనిచ్చే ఫ్లెక్సిబుల్ రకం కప్లింగ్ కంపనాన్ని బాగా తగ్గిస్తుంది. అదే రకాన్ని పొడవాటి లైను అంతటా వాడి, సపోర్టులు, యాంకర్లు సరిగా ఇవ్వకపోతే, పీడనం ఎక్కగానే ఒక్కో జోడింపు దగ్గరా కొద్దికొద్దిగా సాగి లైను వంకర తిరుగుతుంది. అటువంటి చోట కదలనివ్వని రిజిడ్ రకమే వేయిస్తాను. 50 మి.మీ. కన్నా చిన్న లైన్లలో మాత్రం మరలున్న ఫిట్టింగులకే ఇప్పటికీ నా మొగ్గు.