నల్లరేగడి, ఎర్రనేల, ఇసుక నేల: ఇల్లు కట్టి తోట పెంచుకోవాలంటే ఏది మేలు?

స్థలం చూడ్డానికి వెళ్తే రోడ్డు చూస్తాం, హద్దులు చూస్తాం, నీళ్లు ఎంత లోతులో పడతాయో అడుగుతాం. మట్టి సంగతి మాత్రం అది చెప్పులకి అంటుకున్నప్పుడే గుర్తొస్తుంది. కానీ పునాదికి ఎంత ఖర్చవుతుంది, సెప్టిక్ ట్యాంక్ నీళ్లు ఎటు పోతాయి, పెరట్లో ఏం పండుతుంది అనేవన్నీ తేల్చేది అదే. గొడవేంటంటే ఒకదానికి పనికొచ్చే గుణమే ఇంకోదానికి తలనొప్పి.

ముందు పునాది. ఇక్కడ నల్లరేగడి ఓడిపోతుంది, అందులో వాదనేం లేదు. ఆ మట్టిలో 0.002 మిల్లీమీటర్ కన్నా సన్నటి బంకమట్టి రేణువులు ఎక్కువ. వాటిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది, అది నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఇల్లు ఏటా కాస్త పైకి లేచి మళ్లీ దిగుతుందన్నమాట, పైగా అన్ని మూలలూ ఒకేలా కదలవు, అందుకే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలొస్తాయి, వానాకాలంలో తలుపులు పట్టేస్తాయి. బరువైన పెద్ద భవనం కన్నా తేలికపాటి ఒక్క అంతస్తు ఇంటికే ఈ బాధ ఎక్కువ, ఉబ్బే మట్టిని అదిమి ఉంచే బరువు దానికి ఉండదు కాబట్టి. దీనికి మందు లేకపోలేదు: తేమ మారే పై పొర దాటి కిందికి దిగే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే భూమిలోకి దించే కాంక్రీట్ స్తంభాలు వేస్తారు, అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బెత్తుగా ఉండే ఆ భాగం వెడల్పు మామూలుగా పైల్ వెడల్పుకి రెండున్నర రెట్లు ఉంటుంది.

ఎర్రనేల పెద్దగా ఉబ్బదు, నీళ్లు నిలవనివ్వదు, గట్టిగా ఉంటే మామూలు ఫుటింగ్ (స్తంభం కింద పోసే వెడల్పు దిమ్మ) సరిపోతుంది. ఇసుక కూడా గట్టిపడి, పక్కలకి జారకుండా ఉంటే బరువు బాగానే మోస్తుంది. కానీ గుంత తవ్వుతుంటే గోడలు కూలతాయి, వదులు ఇసుకలో నీళ్లు నిండి ఉన్నప్పుడు భూకంపం వస్తే అది బురదలా జారిపోతుంది.

ఇక సెప్టిక్. చాలామంది ట్యాంకే అంతా శుభ్రం చేస్తుందనుకుంటారు, నిజానికి అది మడ్డిని కిందికి దించి కొంత కుళ్లబెడుతుందంతే, మిగతా పని సోక్ పిట్ (ట్యాంక్ నీళ్లు నేలలోకి ఇంకే గుంత) చుట్టూ ఉన్న మట్టిది. ఆ మట్టి నీళ్లు పీలుస్తుందో లేదో తెలియాలంటే చిన్న గుంత తీసి, నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు నీళ్లు ఒక అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. గంట దాటితే సోక్ పిట్ మీద ఆశ వదులుకోవడమే మంచిది. అలాగని నిమిషంలోపే దిగిపోయినా సంతోషపడొద్దు, ఆ మురుగు వడకట్టకుండానే భూగర్భ జలాల్లో కలుస్తోందని అర్థం. ఇసుక నేలలతో వచ్చే చిక్కు ఇదే, బావి దగ్గర్లో ఉంటే మరీ టెన్షన్. నల్లరేగడి అయితే ఇంకా మోసం చేస్తుంది! ఎండాకాలంలో నానబెట్టకుండా పరీక్షిస్తే నెర్రెల్లోంచి గటగటా తాగేస్తుంది, వానలు పడి ఉబ్బాక ఆ నెర్రెలు మూసుకుపోయి మురుగు పైకి తంతుంది. ట్యాంక్ పెద్దది కట్టిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. మట్టి పీల్చకపోతే ట్యాంక్ ఎంత పెద్దదైనా నిండుతుంది.

తోట దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. నల్లరేగడి తేమని, పోషకాలని పట్టి ఉంచుతుంది, నీళ్లు పెట్టడం రెండ్రోజులు మర్చిపోయినా మొక్క చావదు. క్షార గుణం ఎక్కువైన చోట మాత్రం ఇనుము అందక లేత ఆకులు ఈనెలు తప్ప పసుపెక్కుతాయి. నేనైతే ఆ మట్టి గుల్లబారుతుందని ఇసుక కలిపి చెయ్యి కాల్చుకున్నాను, ఎండాక ఇటుకలా తయారైంది. కలపాల్సింది కంపోస్ట్. ఎర్రనేలకి నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. ఇసుకలో ఎరువు నీళ్లతో పాటే కిందికి పోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, తరచుగా వెయ్యాలి. ఇంకో మాట, రేగడిలో ఇంటి గోడనానుకుని మడులు వెయ్యకండి, ఆ పక్కే తడిసి ఉబ్బుతుంది. పెద్ద చెట్లూ దూరంగానే ఉండాలి, అవి నీళ్లు లాగేస్తే ఆ వైపు మట్టి కుంగుతుంది.

పునాది, సెప్టిక్, తోట మూడూ ఒకే స్థలంలో కుదరాలంటే నా ఓటు ఎర్రనేలకే. తోట మట్టిని పశువుల ఎరువు, కంపోస్ట్ వేసి రెండుమూడేళ్లలో బాగు చేసుకోవచ్చు, పునాదిని డబ్బు పెట్టి గట్టిచేయొచ్చు, నీళ్లు పీల్చని నేలని మాత్రం మార్చలేం, బయటి నుంచి ఇసుక తోలి మీద దిబ్బ పోసి ట్యాంక్ నీళ్లు అందులోకి వదలడం లాంటి ఖరీదైన దారులే మిగులుతాయి. అందుకే ఇంటి స్థలం ఎంపికలో మొదటి ప్రశ్న సెప్టిక్ గురించే ఉండాలంటాను.

పైన కనిపించేదాన్ని చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు, అది అమ్మేముందు తోలిన మొరం కూడా కావచ్చు. ఏడెనిమిది అడుగుల గొయ్యి తీయించి పొరలు చూడండి. కింది మట్టి ఉబ్బే రకమా కాదా అని ల్యాబ్‌లో తేల్చే పద్ధతి తేలికే: పొడి మట్టి పది గ్రాములు నీళ్లలో, పది గ్రాములు కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు, కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి నీళ్లలోది దానికి రెట్టింపు కనిపిస్తే పైల్స్ ఖర్చు లెక్కేసుకున్నాకే బేరానికి కూర్చోండి.