హెచ్చరిక: పాత స్కూటర్ పెయింట్ ‘ట్యాంకులో ముంచి తీసేస్తాం’ అంటే ఆగండి

చేతక్, లాంబ్రెటా లాంటి పాత బళ్లు రీస్టోర్ చేయించేవాళ్లు ఇది చదివాకే సామాను బయటికి ఇవ్వండి. పౌడర్ కోటింగ్ షాపులో విడిభాగాలన్నీ ఒకే లాటుగా పోసి, పెయింట్ తీయమంటే ఇలా తిరిగొచ్చాయి: హ్యాండిల్ హెడ్‌సెట్ నల్లబడి గుంటలు పడింది, స్క్రూ మరలు అరిగిపోయాయి, ముందు హబ్‌లో బేరింగ్ కూర్చునే చోటు వదులైపోయింది. షాపువాళ్ల జవాబు ఒక్కటే: “పాత సామాను కదండీ, ముందే అలా ఉండుంటుంది.”

ముందు అలా లేదు. పెయింట్ తీయడానికి ముంచే ఆ ట్యాంకులో ఉండేది వేడి కాస్టిక్ సోడా. పాత ఆయిల్ ఎనామెల్‌ని అది సబ్బులా మార్చి ఊడగొడుతుంది, ఇనుముని దాదాపు ముట్టుకోదు. అల్యూమినియం, జింక్ మాత్రం అందులో బుడగలొస్తూ కరిగిపోతాయి. ఈ బళ్లలో హెడ్‌సెట్, హబ్, ఇంజిన్ కేసింగ్ అన్నీ అల్యూమినియమే. దీనికి తోడు, మధ్యలో ఎవరో వేయించిన పీయూ (పాలీయురేథేన్) పెయింట్ కాస్టిక్‌కి ఓ పట్టాన లొంగదు. లొంగకపోతే షాపులో కాస్టిక్ పెంచుతారు, మంట పెంచుతారు, రాత్రంతా వదిలేస్తారు. నష్టం జరిగేది అప్పుడే.

అందుకే ఇచ్చే ముందు ప్రతి ముక్కకీ అయస్కాంతం పెట్టి చూడండి. లప్పం మందంగా ఉన్నచోట పట్టు తగ్గుతుంది కాబట్టి లోపలి వైపు పెట్టండి. అంటుకోనిదేదీ ట్యాంకులోకి పోకూడదు. బేరింగులు, ఆయిల్ సీళ్లు, రబ్బరు బుష్‌లు ముందే తీసేయండి. స్ప్రింగులు తుప్పు వదిలించే యాసిడ్‌లో పడకూడదు, హైడ్రోజన్ ఎక్కి పెళుసుబారి తర్వాత విరుగుతాయి.

ఇనుప బాడీకీ చిక్కు ఉంది. ఫ్లోర్ కింద రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసినచోట కాస్టిక్, యాసిడ్ దూరి కూర్చుంటాయి. పైపైన నీళ్లు కొడితే పోవు. కొత్త పెయింట్ వేసిన కొన్ని వారాలకి సరిగ్గా ఆ అతుకుల వెంటే పొక్కులు లేస్తాయి. ప్రెషర్ వాటర్‌తో అతుకులు కడిగించి, ఓవెన్‌లో ఆరబెట్టించండి. డెలివరీ తీసుకునేటప్పుడు అతుకు దగ్గర తడి చేసి పీహెచ్ పేపర్ (యాసిడ్, క్షారం మిగిలిందేమో రంగు మారి చూపే కాగితం) అద్దండి. 7కి దగ్గరగా లేకపోతే మళ్లీ కడగమనండి.

బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక లాంటి రేణువులు కొట్టి పెయింట్ తీయడం) మేలు కదా అనొచ్చు. మందమైన ఫోర్క్‌కీ, స్టాండుకీ మేలే. పలచని సైడ్ ప్యానెల్ మీద ఎక్కువ ఒత్తిడితో ఇసుక కొడితే రేకు సాగి వంపులు తిరుగుతుంది, టింకరింగ్‌తో కూడా మళ్లీ దారికి రావడం కష్టం. నది ఇసుక వాడే షాపుకి అసలు ఇవ్వకండి, ఆ సిలికా ధూళి పనివాళ్ల ఊపిరితిత్తులు తినేస్తుంది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మీద మందపాటి టేపు చుట్టి, ఫొటో తీసి పెట్టుకోండి. నంబరు అరిగిపోతే ఆర్టీఏ దగ్గర బండి మీదేనని నిరూపించుకోవడం పెద్ద తలనొప్పి.

అల్యూమినియం ముక్కలకి పెయింట్ రిమూవర్ జెల్ చాలు: పూసి, పాలిథిన్ కప్పి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ గరిటెతో గీకండి. లేబుల్ లేని సీసాల్లో లూజుగా అమ్మేది కొనకండి. చాలా రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. అది 40 డిగ్రీలకే మరుగుతుంది, మన ఎండాకాలంలో డబ్బా ఉబ్బుతుంది, మూత నెమ్మదిగా తిప్పాలి. దాని ఆవిరి ఒంట్లోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, కాబట్టి గదిలో కాదు, ఆరుబయటే పని. మామూలు దుమ్ము మాస్కు దీన్ని ఆపదు.

పాత పెయింట్‌లో సీసం ఉందనే అనుకోండి. ఇంటి పెయింట్లకే సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకి 90) దాటకూడదన్న పరిమితి మన దగ్గర అమల్లోకి వచ్చిందే 2017లో. పొడిగా సాండింగ్ చేయొద్దు, గ్యాస్ మంటతో కాల్చొద్దు.

చివరగా, “రెడ్ ఆక్సైడ్ (ఎర్ర ప్రైమర్) ఫ్రీగా కొట్టి ఇస్తాం” అంటే వద్దనండి. దాని కింద గుంటలున్నాయో, కాస్టిక్ మిగిలిందో కనబడదు. రేకు ఉత్తగానే తెచ్చుకుని, చూసుకుని, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేయించండి. వైజాగ్ లాంటి సముద్రపు గాలి ఉన్నచోట సాయంత్రం దాకా కూడా ఆగకండి.