డౌన్‌లోడ్ మేనేజర్ కొనేవారికి హెచ్చరిక: ఫైలు దించిన ప్రతిసారీ అక్కర్లేని ట్యాబ్

ఫైళ్లు వేగంగా దిగుతాయన్న ప్రకటన చూసి డౌన్‌లోడ్ మేనేజర్ కొనాలనుకునే వారు, డబ్బు చెల్లించే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. నేను ఏడాది చందా కట్టి తీసుకున్న ఒక సాఫ్ట్‌వేర్, తనతోపాటు క్రోమ్‌లో ఒక ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రామ్‌ను) కూడా చేర్చింది. అప్పటి నుంచి కరెంటు బిల్లు రసీదు దించుకున్నా, పిల్లల హాల్ టికెట్ దించుకున్నా, డౌన్‌లోడ్ మొదలైన మరుక్షణమే పక్కన మరో ట్యాబ్ తెరుచుకుని, ఒకసారి రమ్మీ ప్రకటన, మరొకసారి “మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది” అనే ఎర్రటి పేజీ వచ్చేవి. అలాంటి పేజీలో ఏ బటన్‌నూ నొక్కకండి. ముఖ్యంగా, నోటిఫికేషన్ల కోసం “అనుమతించు” అని అడిగే చిన్న పెట్టె జోలికి వెళ్లకండి.

పాప్-అప్ బ్లాకర్ ఆన్‌లో ఉన్నా ఇది ఆగదు. ఆ బ్లాకర్ వెబ్ పేజీలు తెరిచే కిటికీలను అడ్డుకుంటుందే తప్ప, ఎక్స్‌టెన్షన్ తానుగా తెరిచే ట్యాబ్‌ను అడ్డుకోదు. కారణం తేల్చుకోవడానికి అదే ఫైలును క్రోమ్‌లోని ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) విండోలో దించి చూడండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు గనుక, అదనపు ట్యాబ్ రాకపోతే దోషం ఎక్స్‌టెన్షన్‌దేనని దాదాపు నిర్ధారించుకోవచ్చు. అక్కడా వస్తే, మీరు డౌన్‌లోడ్ బటన్ మీద చేసిన క్లిక్‌ను ఆ సైటే వాడుకుంటూ ఉండవచ్చు.

తొలగించడంలో వరుస ముఖ్యం. ఎక్స్‌టెన్షన్‌ను మాత్రమే తీసేస్తే, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయగానే అసలు సాఫ్ట్‌వేర్ దాన్ని తిరిగి తెచ్చిపెట్టింది. అందుకే ముందు విండోస్ సెట్టింగ్స్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, తర్వాత ఎక్స్‌టెన్షన్‌ను తీసేసి, చివరగా క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో తెలియని సైట్లకున్న నోటిఫికేషన్ అనుమతులను రద్దు చేయాలి. అప్పటికీ ఆగకపోతే క్రోమ్ సెట్టింగ్స్‌ను రీసెట్ చేయవచ్చు. బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ సాఫ్ట్‌వేర్‌ను తీసేసినంత మాత్రాన చందా ఆగదు. యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగానికి వెళ్లి ఆ మ్యాండేట్‌ను, అంటే చందా డబ్బు దానంతటదే కట్ అయ్యేందుకు మనమిచ్చిన అనుమతిని, విడిగా రద్దు చేయాలి. డబ్బు వాపసు అడిగితే, ఆ ఎక్స్‌టెన్షన్ తమ సేవలో భాగమని అమ్మకందారు జవాబిచ్చారు. చందా రద్దు చేసుకునే మార్గాన్ని కావాలని దాచిపెట్టడం, లేని వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజడం, రెండూ కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌లపై (ఆన్‌లైన్‌లో వినియోగదారులను తప్పుదోవ పట్టించే ఎత్తుగడలపై) జారీ చేసిన మార్గదర్శకాల్లో నిషిద్ధమే. ఇలాంటి అనుభవం ఎదురైనవారు చెల్లింపు రసీదు, తెరుచుకున్న ట్యాబ్‌ల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఆ నకిలీ పేజీల వల్ల ఖాతాలో డబ్బు పోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.