సొంత హ్యాచ్ ప్యాటర్న్‌లు: పదేళ్లు వాడాక నా అనుభవం

ఒక ఫ్లోర్ ప్లాన్‌లో టైల్స్ చూపించాల్సి వచ్చింది. 600 బై 300 మిల్లీమీటర్ల టైల్, ఒక్కో వరుస కింది వరుస నుంచి సగం టైల్ జరిగి ఉండాలి. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌తో వచ్చిన హ్యాచ్ ప్యాటర్న్‌లలో (ఒక ప్రాంతాన్ని నింపే, పదేపదే వచ్చే గీతల నమూనాల్లో) సరిగ్గా ఆ కొలతది దొరకలేదు. దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని స్కేల్ మార్చి చూశాను. పొడవు కుదిరితే వెడల్పు కుదరలేదు. సొంత ప్యాటర్న్‌ల వైపు వెళ్లింది ఆ రోజే. పదేళ్లు దాటింది. ఇప్పుడు నా ఫోల్డర్‌లో నలభైకి పైగా ఉన్నాయి, వాటిలో తరచూ వాడేవి పన్నెండు.

మొదటి రెండేళ్లు నేను రాసినవి తక్కువ, ఇంటర్‌నెట్‌లో వెతికి దించుకున్నవి ఎక్కువ. రాయి, చెక్క, పెంకు, గడ్డి, ఏది కావాలన్నా ఉచితంగానే దొరుకుతుంది. కానీ దొరికిన ప్రతిదీ పనికిరాదు. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది యూనిట్లు. ఆటోక్యాడ్‌లోనే రెండు ప్యాటర్న్ ఫైళ్లు ఉంటాయి. ‘అకాడ్ డాట్ ప్యాట్’ అంగుళాలకి, ‘అకాడ్ ఐఎస్ఓ డాట్ ప్యాట్’ మిల్లీమీటర్లకి. ఏఎన్‌ఎస్‌ఐ31 అనే మామూలు ప్యాటర్న్‌లో ఏటవాలు గీతల మధ్య దూరం మొదటిదాంట్లో 0.125, రెండోదాంట్లో 3.175. అంటే 25.4 రెట్ల తేడా. అంగుళాల్లో రాసిన ప్యాటర్న్‌ని మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లో స్కేల్ 1తో పెడితే గీతలన్నీ కలిసిపోయి నల్లటి మచ్చలా కనిపిస్తాయి, లేదా హ్యాచ్ మరీ దట్టంగా ఉందని సాఫ్ట్‌వేర్ వేయడం మానేస్తుంది. ఫైల్ పాడైందనుకుని మంచి ప్యాటర్న్‌లు కొన్ని నేనే తీసేశాను. స్కేల్ 25.4 పెట్టి చూసి ఉంటే సరిపోయేది.

ఇంకోటి బరువు. ప్యాట్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్, నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. దించుకున్న ప్రతి ఫైల్‌నీ ఇప్పుడు ముందు నోట్‌ప్యాడ్‌లోనే చూస్తాను. మామూలు రాతి ప్యాటర్న్‌కి మూడు వందల లైన్లు కనిపిస్తే పక్కన పెట్టేస్తాను. అలాంటిది ఒక పెద్ద ఎలివేషన్ (భవనాన్ని ఎదురుగా చూపే డ్రాయింగ్) అంతా పరిచాను. డ్రాయింగ్ జూమ్ చేసిన ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగేది, ఆ టెన్షన్ గడువు రోజున పడ్డాను.

ఎవరో పంపిన డ్రాయింగ్‌లో ఒక ప్యాటర్న్ నచ్చితే దాని ఫైల్ కోసం వెతకక్కర్లేదు. హ్యాచ్ నిర్వచనం డ్రాయింగ్‌లోనే దాచి ఉంటుంది. అందుకే ప్యాట్ ఫైల్ మన దగ్గర లేకపోయినా హ్యాచ్ కనిపిస్తుంది, మ్యాచ్ ప్రాపర్టీస్‌తో (ఒకదాని లక్షణాల్ని ఇంకోదానికి కాపీ చేసే కమాండ్) వేరే హ్యాచ్‌కి మార్చుకోవచ్చు కూడా. దాన్ని మళ్లీ ప్యాట్ ఫైల్‌గా బయటికి తీసే, ఆటోక్యాడ్‌లో నడిచే చిన్న లిస్ప్ ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. ఒక్క జాగ్రత్త అవసరం. గీతలు ఆ హ్యాచ్‌కి పెట్టిన స్కేల్, కోణం కలిసిపోయిన రూపంలో నిల్వ ఉంటాయి. తీసే ముందు స్కేల్ 1, కోణం 0 చేసుకోవాలి.

ఇక రాయడం. నన్ను నిజంగా పట్టేసింది ఇదే. మొదటి లైన్‌లో నక్షత్రం గుర్తు, దాని వెంట పేరు, కామా, చిన్న వివరణ. ఆ తర్వాత ఒక్కో లైన్ ఒక్కో గీతల కుటుంబం: కోణం, మొదలయ్యే బిందువు ఎక్స్, వై, తర్వాతి గీతకి జరుగుడు ఎక్స్, వై, చివర డాష్‌లు. డాష్ ధన సంఖ్య అయితే గీత, రుణ సంఖ్య అయితే ఖాళీ, సున్నా అయితే చుక్క. నా టైల్‌కి పట్టింది రెండే లైన్లు:

0, 0,0, 0,300
90, 0,0, 300,300, 300,-300

మొదటిది 300కి ఒకటి చొప్పున అడ్డ గీతలు. రెండోది నిలువు జాయింట్లు: 300 గీత, 300 ఖాళీ. నేను చాలా రోజులు తికమకపడింది జరుగుడు దగ్గర. ఆ ఎక్స్, వై కాగితం దిక్కులు కావు. ఎక్స్ అంటే గీత వెంబడి, వై అంటే గీతకి లంబంగా. 90 డిగ్రీల గీతకి ‘300,300’ అంటే పక్కకి 300 జరిగి, నిలువుగా కూడా 300 జరగడం. అందుకే పక్క జాయింట్ పై వరుసలో పడుతుంది. ఇది అర్థమయ్యాక ఇటుక, పలక, చెక్క బోర్డు ఏదైనా పావుగంట పని.

వాలు గీతలే కష్టం. 1 బై 1 గడుల మీద రెండు గడులు పక్కకి, ఒకటి పైకి వెళ్లే గీత తీసుకోండి. కోణం 26.5650512. గడులతో కలవాలంటే జరుగుడు 1.3416408, 0.4472136 ఉండాలి, గీత 2.2360680 దూరానికి ఒకసారి తిరిగి రావాలి. ఈ అంకెల్ని 26.57, 1.34, 0.45 అని కుదిస్తే చిన్న ముక్కలో బాగానే కనిపిస్తుంది, పెద్ద హాల్లో పరిస్తే గీతలు మెల్లగా పక్కకి జారిపోతాయి. ఇప్పుడు కోణాలన్నీ ఏడు దశాంశాల దాకా రాస్తున్నాను. కోణాన్ని ఇష్టం వచ్చినట్టు ఎంచుకోకుండా గడి మీద రెండు బిందువుల్ని కలిపి, దాని నుంచి లెక్కగట్టడం మేలు.

వంపులకి ఈ పద్ధతిలో చోటు లేదు. ఉన్నవన్నీ తిన్నని గీతలే. చేప పొలుసు ప్యాటర్న్ కోసం ఒక్కో వంపుని ఆరు చిన్న ముక్కలుగా విరిచి రాశాను. దూరం నుంచి గుండ్రంగానే కనిపిస్తుంది, దగ్గరగా ప్రింట్ తీస్తే మూలలు తెలుస్తాయి. ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని (ఆటోక్యాడ్‌తో వచ్చే అదనపు కమాండ్లు) సూపర్‌హ్యాచ్‌తో ఏ బ్లాక్‌నైనా (ఒకే వస్తువుగా దాచుకున్న బొమ్మ), వంపులతో సహా, ప్యాటర్న్‌లా పరచవచ్చు. రెండు మూడు చోట్ల వాడాను, చూడటానికి చక్కగా వచ్చింది. కానీ అది మామూలు హ్యాచ్‌లా స్కేల్ మార్చి సరిదిద్దుకునేది కాదు. గోడ జరిగితే మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందుకని అలంకారానికి తప్ప వాడను.

సర్వే కోఆర్డినేట్లతో వచ్చిన సైట్ ప్లాన్‌లలో ఇంకో సమస్య ఎదురైంది. డ్రాయింగ్ 0,0కి లక్షల యూనిట్ల దూరంలో ఉంటే ప్యాటర్న్ చెదిరినట్టు కనిపించేది, కొన్ని డాష్‌లు మాయమయ్యేవి. హ్యాచ్ ఆరిజిన్‌ని (ప్యాటర్న్ మొదలయ్యే బిందువుని) ఆ స్థలానికి దగ్గర్లో ఒక మూలకి పెట్టాక సర్దుకుంది. టైల్ ప్యాటర్న్‌లకి ఎలాగూ ఆరిజిన్ పెట్టుకోవాలి, ఎందుకంటే మొదటి పూర్తి టైల్ ఏ మూల నుంచి మొదలవుతుందో డ్రాయింగ్ చెప్పాలి కదా.

నేను పాటించేవి కొన్ని ఉన్నాయి. ఒక ఫైల్‌లో ఒకే ప్యాటర్న్, ఫైల్ పేరూ ప్యాటర్న్ పేరూ ఒకటే, లేకపోతే కస్టమ్ ప్యాటర్న్ జాబితాలో కనిపించదు. చివరి లైన్ తర్వాత తప్పకుండా ఎంటర్ కొట్టాలి. ఆ ఒక్క ఎంటర్ లేక ఒక సాయంత్రమంతా వృథా అయింది. ఫోల్డర్‌ని సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్‌లో (ఆటోక్యాడ్ ఫైళ్లని వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చాలి. ప్రతి ఫైల్ పైన సెమీకోలన్ పెట్టి యూనిట్, తేదీ, ఏ పనికోసం రాశానో ఒక లైన్ రాస్తాను.

ఈ మధ్య ఇవే ఫైళ్లని భవనాల మోడల్ తయారుచేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌కి తీసుకెళ్తున్నాను. అక్కడ రెండు లైన్లు అదనంగా కావాలి: సెమీకోలన్, శాతం గుర్తు పెట్టి ఒకదాంట్లో యూనిట్లు ఎంఎం అని, పేరు కింద ఇంకోదాంట్లో టైప్ మోడల్ అని. టైల్‌కి మోడల్ రకం ఎంచుకుంటే షీట్ స్కేల్ ఎంత మారినా 600 టైల్ 600గానే ఉంటుంది. ఆ రెండు లైన్లు చేర్చాక నా మొదటి టైల్ ప్యాటర్న్ ఒక్క అంకె కూడా మార్చకుండా అక్కడ పనిచేసింది.