పార్కు బోర్డు: జనం ఎన్నుకుంటే మేలా, మేయర్ నియమిస్తే మేలా?

అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఇల్లు కొన్న మనవాళ్లకు ఇంటి పన్ను బిల్లులో స్కూళ్లు, కౌంటీ పక్కనే ఇంకో పద్దు కనిపిస్తుంది: పార్క్ డిస్ట్రిక్ట్. మన ఊళ్లలో పార్కులు చూసేది మున్సిపాలిటీలో ఒక విభాగం. అక్కడ పార్కులకే ఒక చిన్న ప్రభుత్వం ఉంటుంది, పన్ను వేసే అధికారంతో సహా. రాష్ట్రం మొత్తం మీద ఇలాంటివి 300 పైనే.

షికాగో శివార్లలోని నేపర్‌విల్ లాంటి సబర్బ్‌లలో బోర్డు సభ్యులను జనమే ఎన్నుకుంటారు. ఐదుగురో ఏడుగురో ఉంటారు. పార్టీ గుర్తులుండవు, జీతమూ ఉండదు. రోజువారీ పని చూసే డైరెక్టర్‌ను వాళ్లే నియమిస్తారు. షికాగోలో అలా కాదు. 1934లో 22 పార్క్ డిస్ట్రిక్టులను కలిపి ఒకటే చేశారు. ఏడుగురు కమిషనర్లను మేయర్ నియమిస్తాడు, సిటీ కౌన్సిల్ ఆమోదించాలి.

షికాగో పద్ధతిని తీసిపారేయలేం. 600కు పైగా పార్కులు, 8,000 ఎకరాలకు పైగా భూమి. సరస్సు ఒడ్డున్న పెద్ద పార్కునూ, పేదల పేటలోని చిన్న మైదానాన్నీ ఒకే పద్దు కింద చూడొచ్చు. చిన్న డిస్ట్రిక్టుకు ఆ స్తోమత ఉండదు. కానీ మీ వీధి పార్కులో లైట్లు వెలగకపోతే ఆ కమిషనర్‌ను మీరు ఓడించలేరు. మేయర్‌నే ఓడించాలి, లైట్ల కోసం ఆ పని ఎవరూ చేయరు.

ఎన్నికైన బోర్డు మీద ఆ పట్టు ఉంటుంది, కాగితం మీదైనా. ఓటింగ్ జరిగేది బేసి సంవత్సరాల ఏప్రిల్‌లో. అధ్యక్ష ఎన్నికల సందడి ఉండదు కాబట్టి వచ్చేవాళ్లు తక్కువ, కొన్నిచోట్ల పోటీయే ఉండదు. అయినా నా మొగ్గు ఇటే. పార్కు తప్ప ఇంకో పని లేని బోర్డుకు తప్పించుకునే సాకులు తక్కువ.

మీటింగుల విషయంలో మాత్రం రెండింటికీ రాష్ట్ర చట్టం ఒకటే. మామూలు మీటింగుకైతే అజెండా 48 గంటల ముందే అతికించాలి. సిబ్బంది విషయాలు, భూమి కొనుగోలు, కోర్టు కేసుల వంటి వాటికే తలుపులు మూసుకోవచ్చు. ఆ మాటలూ రికార్డవ్వాలి, తుది నిర్ణయం మాత్రం బయటికొచ్చి అందరి ముందే తీసుకోవాలి. ఏడుగురి బోర్డులో ముగ్గురు కాఫీకి కూర్చుని పార్కు పనుల గురించి చర్చించినా చట్టం దృష్టిలో అది మీటింగే! మన కౌన్సిలర్లకు ఈ నియమం పెడితే టీ కొట్లు మూతపడతాయేమో.

హెచ్1బీ మీదున్నవాళ్లకు, గ్రీన్‌కార్డు వాళ్లకు ఓటు లేదు. మాట్లాడటానికి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు, బోర్డు ముందు ఎవరైనా లేచి నిలబడొచ్చు. క్రికెట్ పిచ్ కావాలంటే బడ్జెట్ పాసయ్యాక వెళ్లి లాభం లేదు. సబర్బ్ డిస్ట్రిక్టుల్లో ముసాయిదాను 30 రోజుల ముందే జనానికి చూపించాలి. ఆ నెలలోనే వెళ్లండి, నలుగురిని వెంటబెట్టుకుని.