డెబ్బై లక్షల బండికి మైలేజ్ లెక్కా? పెట్రోలా, డీజిలా: ఏది మేలు?

"లీటరుకి ఎంతిస్తుంది?" అని ఆల్టో కొనేవాడు అడిగితే ఎవరూ నవ్వరు. పోయిన నెల మెర్సిడెస్ షోరూంలో మెత్తటి సోఫాలో కూర్చుని మా బావ సరిగ్గా అదే ప్రశ్న వేశాడు. ఎదురుగా ఉన్న సేల్స్ కుర్రాడు ట్యాబ్ మీంచి ఒక్క క్షణం తలెత్తి చూశాడు. నవ్వలేదు, ట్రైనింగ్ గట్టిదే. పక్కన మా అక్క మాత్రం నవ్వేసింది.

నన్ను ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్నదీ ఇదే. "డెబ్బై లక్షల్లో ఎస్‌యూవీ చూస్తున్నాం, పెట్రోల్ తీసుకోమంటావా, డీజిలా?" ఆ వెంటనే ఒక సంజాయిషీ కూడా వస్తుంది: "మైలేజ్ కోసమని కాదులే, ఊరికే అడుగుతున్నా." ఊరికే అడిగేవాళ్ళెవరూ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అడగరు. మైలేజ్ వాళ్ళకి కావాలి. ఎందుకు కావాలో పైకి చెప్పుకోలేకపోతున్నారంతే.

మా బావ చూసిన మెర్సిడెస్ జీఎల్‌సీ ఎస్‌యూవీనే తీసుకుందాం, పోల్చడానికి ఇంతకంటే వీలైన బండి దొరకదు. అదే బాడీ, అవే సీట్లు, అదే తెర. 2023 ఆగస్టులో మన దేశంలోకి వచ్చినప్పుడు పెట్రోల్ 300 ఎక్స్-షోరూం ధర 73.5 లక్షలు, డీజిల్ 220డి ధర 74.5 లక్షలు. ఈ రేంజ్‌లో లక్ష తేడా చూసి ఎవరూ ఇటునుంచి అటు మారరు. మిగిలింది ఇంజనే. పెట్రోల్ 258 హెచ్‌పీ, సున్నా నుంచి వందకి 6.2 సెకన్లు. డీజిల్ 197 హెచ్‌పీ, 8 సెకన్లు. కంపెనీ లెక్కలో పెట్రోల్ మైలేజ్ 14.7, డీజిల్‌ది 19.4.

కంపెనీ అంకెలు ల్యాబ్‌లో రోలర్ల మీద తీసినవి. మెహదీపట్నం ట్రాఫిక్ వాటికి తెలీదు. మీటర్ మీద కనిపించే సగటును కూడా నేను నమ్మను, అది ఎప్పుడూ కాస్త ముద్దుచేసి చెబుతుంది. పాత పద్ధతే మేలు: నాజిల్ తనంతట తాను కట్ అయ్యేదాకా కొట్టించాలి, రౌండ్ ఫిగర్ కోసం పైన ఇంకో అర లీటరు కుక్కనివ్వకూడదు. ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్ళీ అదే బంకులో, అదే పంపు దగ్గర నింపి భాగించాలి. తెలిసినవాళ్ళ బళ్ళలో అలా లెక్కేస్తే పెట్రోల్ సిటీలో ఏడున్నర, హైవే మీద పన్నెండు దాకా వచ్చింది. డీజిల్ సిటీలో పదకొండు, హైవే మీద పదిహేడు. మీ కాలి బరువును బట్టి ఒకటి అటూ ఇటూ వేసుకోండి.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, సిటీ, హైవే కలిపి పెట్రోల్‌కి 9, డీజిల్‌కి 13 అనుకుందాం. 2025లో హైదరాబాద్ ధరలు పెట్రోల్ 107 చిల్లర, డీజిల్ 96కి దగ్గర. పెట్రోల్ ఖర్చు లక్షా డెబ్బై ఎనిమిది వేలు, డీజిల్ ఖర్చు లక్షా పదకొండు వేలు. తేడా 67 వేలు. ఇదే బండికి 60 లక్షల లోన్ ఐదేళ్ళకి 9 శాతం మీద తీసుకుంటే నెల ఈఎంఐ లక్షా పాతికవేలకి దగ్గర్లో ఉంటుంది. అంటే ఏడాది మొత్తం మీద డీజిల్ మిగిల్చేది ఒక నెల ఈఎంఐలో సగం కంటే కాస్త ఎక్కువ. షోరూం గేటు దాటగానే బండి విలువలో పోయే లక్షల ముందు ఇదెంత?

ఈ లెక్క బావకి చూపిస్తే, "ఏం బామ్మర్దీ, నేను నిన్ను డబ్బు అడిగానా?" అన్నాడు. నిజమే, అడగలేదు.

ఆయన గోల వేరే. మణికొండలో ఇల్లు, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. నెలకి రెండుసార్లు నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డెక్కి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా తెల్లారేసరికి గుంటూరులో ఉండాలి. సాయంత్రం తిరుగు ప్రయాణం. రానూపోనూ 550 కిలోమీటర్లు, అక్కడ యార్డు చుట్టూ, తోట చుట్టూ తిరిగేది ఇంకో వంద. జీఎల్‌సీ ట్యాంకు అరవై లీటర్ల చిల్లర. పెట్రోల్‌తో ఈ ట్రిప్పుకి 59 లీటర్లు కావాలి. అంటే ఇల్లు చేరకముందే రిజర్వ్ లైటు వెలుగుతుంది. డీజిల్‌కి 41 లీటర్లు చాలు. ఇంటికొచ్చి, మర్నాడు పిల్లల్ని స్కూల్లో దింపి, తీరిగ్గా తన బంకుకి వెళ్ళొచ్చు.

'తన బంకు' అన్నమాట గమనించండి. ఖరీదైన బండి ఉన్న ప్రతివాడికీ ఒక తన బంకు ఉంటుంది. అక్కడ కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అనకముందే వీళ్ళు కిందికి దిగి ఉంటారు. దారిలో కనిపించిన బంకులో కొట్టించడమంటే వీళ్ళకి టెన్షన్. మా బావకైతే అనుభవం కూడా ఉంది. మూడేళ్ళ కిందట వానాకాలంలో, దారిలో ఒక బంకులో పాత ఫార్చ్యూనర్‌కి డీజిల్ కొట్టించాడు. ఇరవై కిలోమీటర్లు పోయాక బండి దగ్గడం మొదలెట్టింది. ఫిల్టర్ విప్పితే కింద నీళ్ళు తేరుకుని ఉన్నాయి. మెకానిక్ దాన్ని మజ్జిగ సీసాలో ఒంపి చూపించాడట. పైన డీజిల్, అడుగున మట్టిరంగు నీళ్ళు, మధ్యలో గీత గీసినట్టు. ఆ సీసా ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు. పోనీ గుంటూరులో తెలిసిన బంకు ఉంది కదా అంటే, అక్కడ లీటరుకి రెండు రూపాయలు ఎక్కువట! డబ్బు లెక్కే కాదన్న మనిషి.

అందుకే నేను చెప్పేదేమిటంటే, ఈ తరగతి బళ్ళు కొనేవాళ్ళకి కావాల్సింది లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్నది కాదు, ట్యాంకుకి ఎన్ని కిలోమీటర్లన్నది. వాళ్ళు మైలేజ్ అనే మాట వాడి అడుగుతున్నది బంకు ముందు ఎన్నిసార్లు ఆగాలనే. ఆ లెక్కన సిటీలో రోజుకి 40 కిలోమీటర్లు తిరిగేవాడికి పెట్రోల్ పది రోజులకోసారి, డీజిల్ పదిహేను రోజులకోసారి. పెద్ద తేడా కాదు. హైవే ఎక్కినప్పుడే ఆ తేడా పెద్దదవుతుంది.

ఇది డెబ్బై లక్షల దగ్గరే ఆగేది కూడా కాదు. ఫార్చ్యూనర్‌నే చూడండి. 80 లీటర్ల ట్యాంకు. 2016 చివర్లో రెండో తరం వచ్చినప్పటి నుంచీ పెట్రోల్ ఇంజన్ ఉంది, ధరా తక్కువే. అయినా మన ఊళ్ళలో ఫార్చ్యూనర్ అంటే డీజిలే, ఫోర్ బై ఫోర్ కావాలంటే పెట్రోల్‌లో అసలు లేదు. ఇంకా పైకి వెళితే ల్యాండ్ క్రూజర్ 300 మన దేశానికి డీజిల్‌లోనే వచ్చింది. మెర్సిడెస్ జీ-క్లాస్‌లో వీ8 పెట్రోల్ ఏఎంజీ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళున్నా, 2023లో రెండున్నర కోట్ల పైన ధర పెట్టి అందులోనే డీజిల్ 400డి కూడా తెచ్చారు. రెండున్నర కోట్లు పెట్టేవాడు పెట్రోల్ ఖర్చుకి భయపడి డీజిల్ తీసుకుంటాడా? బంకులు ఎక్కడో ఒకటి కనిపించే రోడ్ల మీద దాని వంద లీటర్ల ట్యాంకు ఎందాకా లాగుతుందో చూసుకుంటాడు.

పెట్రోల్‌కి అన్యాయం చేయకూడదు. నడపడానికి పెట్రోలే హాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లో డీజిల్ సన్నని వణుకు మా అక్కకి వెంటనే తెలిసిపోయింది, "ఇదేంటి, మన గ్రైండర్‌లా?" అంది. పికప్ మాట సరేసరి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీదికెక్కే ర్యాంపులో పెట్రోల్ కాలు పెట్టగానే వెళ్ళిపోతుంది. పైగా ఈ రకం బండిలో వెనక కూర్చుని వెళ్ళే ఓనర్‌కి డీజిల్ వల్ల వచ్చే లాభం కొంత డ్రైవర్ చేతిలోనే ఆవిరైపోతుంది. ఫంక్షన్ హాల్ బయట రెండు గంటలు ఇంజన్ ఆన్‌లో, ఏసీ పద్దెనిమిదిలో, ఫోన్లో వీడియోలు. పోయేది గంటకి లీటరుకి అటూ ఇటూ, కదిలింది సున్నా. తర్వాత "బండి మైలేజ్ ఇవ్వట్లేదు" అని సర్వీస్ సెంటర్లో గొడవ.

ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడోవంతు తక్కువ. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళు దానికి తగ్గట్టు చేసినవే కాబట్టి ఇంజన్‌కి భయం లేదు, మైలేజ్ మాత్రం కొంత తగ్గుతుంది. అసలే తక్కువిచ్చే దాంట్లో ఇంకాస్త.

డీజిల్ మీద నిజంగా ఆలోచించాల్సింది డీపీఎఫ్ గురించి, అంటే సైలెన్సర్ దారిలో మసిని పట్టే జల్లెడ. ఆ మసి కాలిపోవాలంటే పొగ గొట్టం వేడి ఆరువందల డిగ్రీల దాకా ఎక్కాలి, అలా కొంతసేపు నిలవాలి. బంజారాహిల్స్ నుంచి జూబ్లీహిల్స్‌కి, అక్కడి నుంచి జిమ్‌కి, ఇంటికి, ఇలా ఐదారు కిలోమీటర్ల ముక్కల్లో తిరిగే బండికి ఆ వేడి ఎప్పుడూ రాదు. మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది, ఓనర్‌కి బీపీ వస్తుంది. పొగలోని విషవాయువుల్ని తగ్గించే యాడ్‌బ్లూ అనే ద్రవం పోసుకోవడం కూడా ఒక పని. వారానికోసారి ఓఆర్‌ఆర్ మీద ఒక అరగంట పరిగెత్తిస్తే డీపీఎఫ్ దారికొస్తుంది. అది కుదరనివాళ్ళు డీజిల్ జోలికి పోవద్దు. మైలేజ్ ఎంతిచ్చినా సరే, సిటీ దాటని బండికి పెట్రోలే. నేను కూడా వాళ్ళకి అదే చెబుతున్నాను.

డీజిల్‌కి రోజులు దగ్గర పడ్డాయంటారు, అదీ అబద్ధం కాదు. ఆడి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు రాగానే మన దేశంలో డీజిల్ మానేసింది. వోల్వో 2024లో ప్రపంచం మొత్తం మీదే చివరి డీజిల్ బండి తయారుచేసి చేతులు దులుపుకుంది. పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరగకూడదన్న ఢిల్లీ నిబంధన చూసి ఇక్కడివాళ్ళూ జంకుతున్నారు. మన దగ్గర ఆ నిబంధన లేదు. ఈ తరగతి బండిని పదేళ్ళు ఉంచుకునేవాళ్ళను మా చుట్టాల్లో నేను చూసింది ఒక్క మా బావనే.

పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటారూ ఉండే హైబ్రిడ్? లెక్సస్ ఎన్‌ఎక్స్ 350హెచ్ ఉంది. రెండు టన్నులకి దగ్గరగా ఉండే బండిని సిగ్నల్ సిగ్నల్‌కీ ఆపినప్పుడు బ్రేకుల్లో వృథాగా పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుంటుంది కాబట్టి, సిటీలో ఈ రెండింటికంటే నయం. నచ్చితే తీసుకోండి, సర్వీస్ సెంటర్ మీకెంత దూరమో ముందు చూసుకోండి.

ఎలక్ట్రిక్‌ది వేరే లెక్క. జీఎస్టీ 5 శాతమే, పెట్రోల్, డీజిల్ లగ్జరీ ఎస్‌యూవీలకి 2025 సెప్టెంబర్ నుంచి 40. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్ కూడా లేదు. 73.5 లక్షల బండికి 18 శాతం వేసుకున్నా ఆ రోడ్ ట్యాక్స్ 13 లక్షలు దాటుతుంది, అంటే ఏడేళ్ళ పెట్రోల్ ఖర్చు రిజిస్ట్రేషన్ రోజే మిగిలినట్టు. డబ్బే లెక్కయితే వాదన ఇక్కడితో అయిపోయింది. కానీ పిడుగురాళ్ళలో ఛార్జర్ ఖాళీ అయ్యేదాకా నిలబడమని మా బావకి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆయన 220డినే తీసుకున్నాడు. తను గ్రైండర్ అన్న బండే తీసుకున్నందుకు అక్క చాలాసేపు ముభావంగా ఉంది గానీ, రంగు తనే ఎంచుకుని సర్దుకుంది. డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి బయటికొస్తే మీటర్‌లో రిజర్వ్ లైటు వెలుగుతోంది. షోరూంవాళ్ళు పోసింది బంకు దాకా వెళ్ళడానికే. కొత్త బండి, కొత్త డ్రైవర్. దారిలో బావ ఆ డ్రైవర్‌కి మూడుసార్లు చెప్పాడు, డీజిల్ అని. అయినా బంకులో కుర్రాడు బండిని పైనుంచి కిందికి చూసి నేరుగా పెట్రోల్ నాజిల్ అందుకున్నాడు.

బావ వెనక సీట్లోంచి దిగిన వేగం ఎనిమిది సెకన్లకంటే తక్కువే ఉంటుంది. మర్నాడు పొద్దున్నే షోరూంకి ఫోన్ చేసి, ట్యాంక్ మూత మీద పెద్ద అక్షరాలతో 'డీజిల్' అని స్టిక్కర్ వేయించమన్నాడు. లోపలివైపు చిన్న లేబుల్ ఉందండీ, బయట వేస్తే లుక్ పోతుందని వాళ్ళు బతిమాలారు. ఆదివారం మణికొండ రోడ్డు పక్కన నంబర్ ప్లేట్లు రాసేవాడి దగ్గర తనే వేయించుకొచ్చాడు. ఎర్రటి అక్షరాలు, తెలుగులో. యాభై రూపాయలట.